మొరాయించే తుపాకి

సూరారానికి తూర్పున బొల్లారం దండు వున్నది. ఒకప్పుడది హైదరాబాదు కంటింజెంటు సైన్యానికి నెలవు. అటువంటి దండుల వారందరూ ఎరిగిన తుపాకి త్రీనాట్‌త్రీ. 1907లో రూపు దిద్దుకొన్న లీ ఎన్‌ఫీల్డు రైఫిలు అది; మన దేశంలో బెంగాలులోని ఇషాపూరులో తయారైనది.

దాని మ్యాగజీనులో పది తూటాలు పడతాయి. ప్రతి తూటాకు అడుగున ఒక అంచు వుంటుంది. పైతూటా అంచు క్రిందిదాని అంచుకు ముందు నిలవాలి. తొందరలో వెనుకకు పడితే రెండంచులూ చిక్కుకొంటాయి. బోల్టు ఎంత తోసినా కదలదు. ఎదుట శత్రువున్న వేళ సిపాయి ప్రాణం ఆ కాస్త అంచుమీదనే నిలుస్తుంది. మనం తుపాకి మొరాయించిందంటాము గాని, తొందరపడినది నింపిన చెయ్యి.

రెండవ పీడ తుప్పు. పాత తూటాలలో నిప్పు రగిల్చే మందు గొట్టంలో ఉప్పును మిగిల్చేది. తేమ తగిలితే అది ఇనుమును తినివేస్తుంది. నూనెలో ఉప్పు కరగదు. అందువల్ల ముందు మరిగే నీళ్లు పోసి, తుడిచి ఆరబెట్టి, ఆ తరువాతనే నూనె రాసేవారు. ఇనుమును నీళ్లే కాపాడడం వింత గదా!

2020 గణతంత్ర దినాన ఉత్తరప్రదేశ్ పోలీసులు ఈ తుపాకికి వీడ్కోలు పలికారు. అది అంతకాలం మన్నినదంటే, ఆ పుణ్యంలో సగం దానిని కడిగి తుడిచిన పేరులేని చేతులది.