పడవ అడుగున రెండు రంధ్రములు

మరుగుదొడ్డిని గూర్చి పత్రికలలో వ్రాయుటకు మనము సంకోచింతుము. సముద్రమున తిరుగువారికి ఆ సంకోచము పనికిరాదు. ఐరోపా, అమెరికా తీరములందు 1960, 1970 దశకములలో కట్టిన ఫైబర్ గ్లాసు తెరచాప పడవలు నేటికిని అనేకము తిరుగుచున్నవి. అట్టి పాత పడవను కొన్నవాడు మొదట తెరచాపలను, కొయ్యపనిని చూచుకొనుట సహజము. అనుభవశాలియైన నావికుడు మాత్రము ముందుగా మరుగుదొడ్డి తలుపు తీసి, మోకాళ్లపై వంగి, అచటి గొట్టములను పరీక్షించును. ఏలయనగా పడవ ప్రాణము అచటనే యున్నది.

పూర్వపు పెద్ద ఓడలకు ఈ చిక్కు లేదు. ఓడ ముందు కొనయందు సముద్రముపైకి తెరచియున్న రంధ్రములు గల పీటలను అమర్చెడివారు. గాలి తరచుగా వెనుకనుండి వీచును గనుక దుర్గంధము ముందుకు కొట్టుకొనిపోయెడిది; అలలే ఆ చోటును కడిగెడివి. ఓడకు శిరస్సువంటి భాగమున ఉండుటచేతనే ఇంగ్లీషు నావికులు మరుగుదొడ్డిని నేటికిని ‘హెడ్’, అనగా తల, అని వ్యవహరింతురు. 1765లో నీట దింపబడి, నేడు పోర్ట్స్‌మత్‌లో భద్రపరచబడియున్న ‘విక్టరీ’ యుద్ధనౌకపై అట్టి పీటలను చూడవచ్చును.

చిన్న పడవలో మరుగుదొడ్డి లోపలికి వచ్చినది. దానితోపాటు పడవ అడుగున రెండు రంధ్రములు వచ్చినవి. చేతిపంపును ఆడించినచో, సుమారు 19 మిల్లీమీటర్ల గొట్టము ద్వారా సముద్రజలము గిన్నెలోనికి చేరును. 38 మిల్లీమీటర్ల గొట్టము ద్వారా మలినము వెలికి పోవును. బాతు ముక్కును బోలిన రబ్బరు కవాటము ఒకటి, పోయినది తిరిగి రాకుండ ఆపును. ఆ రబ్బరు కాలక్రమమున గట్టిపడి నోరు తెరచును.

ఆ పెద్ద గొట్టము నీటిమట్టమునకు 60 సెంటీమీటర్ల దిగువన ఊడిపోయిన దనుకొందము. విద్యార్థులు టోరిసెల్లీ సూత్రముతో లెక్క వేయవచ్చును. నీరు సెకనుకు సుమారు 3.4 మీటర్ల వేగముతో దూకును. రంధ్రపు అంచులవద్ద ధార సన్నబడుటవలన కలుగు తగ్గుదలను తీసివేసినను, నిమిషమునకు సుమారు 140 లీటర్లు పడవలోనికి వచ్చును. అది బిందెతో తోడి పోసి నిలువరింపగల ప్రవాహము కాదు.

గొట్టము ఊడకున్నను ప్రమాదము కలదు. అనేక పడవలలో గిన్నె అంచు బయటి నీటిమట్టముకంటె దిగువన ఉండును. కవాటములు అరిగినచో సైఫను ఏర్పడి, అందరు నిద్రించుచుండగా సముద్రము నిశ్శబ్దముగ లోనికి ప్రవేశించును. దీనికి విరుగుడు సులభము. గొట్టమును నీటిమట్టమునకు బాగుగా పైకెత్తి, తలక్రిందులైన ‘యు’ ఆకారమున వంచి, ఆ వంపు శిఖరమున గాలి చొరబడు చిన్న కవాటమును పెట్టవలెను. గాలి చొరగానే సైఫను తెగును. పడవ గాలికి ఒరిగినప్పుడు కూడ ఆ శిఖరము నీటికి పైననే యుండవలెను. పాత పడవలలో ఈ వంపు కొన్నిట లేనే లేదు; కొన్నిట ఉప్పు పేరుకొని కవాటము మూసికొనిపోయి యుండును.

మరుగుదొడ్డినుండి వచ్చిన నీరు ఎంత పని చేయగలదో 1945 ఏప్రిల్ 14న స్కాట్లండు తీరమున తెలిసినది. జర్మనుల జలాంతర్గామి యు-1206లో మరుగుదొడ్డి గుండా వచ్చిన సముద్రజలము బ్యాటరీలను తాకి క్లోరిన్ వాయువును పుట్టించినది. నావ పైకి తేలక తప్పలేదు. తేలగానే విమానములు దాడి చేసెను. తుదకు నావికులే దానిని ముంచివేయవలసివచ్చెను.

కనుక పాత పడవలో క్రొత్త గిన్నె నొక్కదానిని పెట్టినంతమాత్రమున పని ముగియదు. పడవను ఒడ్డున కెత్తించి అడుగు కవాటములను విప్పి చూడవలెను. సాధారణపు ఇత్తడియైనచో ఉప్పునీటిలో అందలి జింకు కరగిపోయి, గులాబిరంగు తిరిగిన పెళుసు లోహము మిగులును. దాని స్థానమున మేలైన కంచు కవాటము నమర్చవలెను. మూత్రములోని లవణములు, సముద్రజలములోని కాల్షియము కలిసి గొట్టము లోపల రాయివలె గడ్డకట్టును. వేడినీట తడిపిన గుడ్డతో గొట్టమును తుడిచి వాసన చూచినచో, గొట్టము గోడలనుండియే దుర్గంధము వచ్చుచున్నదో లేదో తెలియును. ప్రతి కవాటమువద్దను ఒక కొయ్య బిరడాను కట్టియుంచుట వివేకము.

ఇంతకును ఆ మలినము పోవునది ఎచ్చటికి? ఈ పడవలను కట్టిన నాడు సముద్రములోనికే. 1972 నాటి స్వచ్ఛజల చట్టము ననుసరించి అమెరికాలో తీరమునుండి 3 నాటికల్ మైళ్లలోపల శుద్ధి చేయని మలినమును విడువరాదు. స్వీడన్ 2015 ఏప్రిల్ 1నుండి తన తీరజలములలో విహారనౌకల కట్టి విసర్జనను నిషేధించినది. అందుచే పాత పడవలలో మలినము నిలువచేయు తొట్టిని అమర్చుచున్నారు. దానికి గాలి గొట్టము వెడల్పుగ నుండవలెను. గాలి ఆడనిచో, ప్రాణవాయువు నక్కరలేని సూక్ష్మజీవులు పెరిగి కుళ్లిన గ్రుడ్ల వాసన నిచ్చును.

మరికొందరు ఆ రెండు రంధ్రములను శాశ్వతముగ మూసివేసి, మూత్రమును వేరుచేయు ఎరువు మరుగుదొడ్డిని పెట్టుచున్నారు. అందులో తేమను పీల్చుటకు వాడు వస్తువులలో ఒకటి మన కోనసీమవారి కెరుకయైన కొబ్బరి పొట్టే.

పొట్టు నిండిన బుట్టను మాటిమాటికి ఎత్తి పారబోయుట ఇంపైన పని కాదు. అయినను సముద్రమునకు తెరచిన రెండు వాకిళ్లు మూతపడిన పడవలో రాత్రివేళ నిద్ర బాగుగా పట్టునని వారందురు.