తిరుమలకు నాలుగింతల లోతున...

విశాఖపట్నంలో ఎన్‌ఏడీ కొత్తరోడ్డు తెలియని ఆటోడ్రైవరు ఉండడు. ఎన్‌ఏడీ అంటే నేవల్ ఆర్మమెంట్ డిపో అన్న సంగతి మాత్రం రోజూ అక్కడ బస్సు మారేవాళ్లకే గుర్తుండదు. 2016 జులై 22న ఆ డిపో ఉద్యోగులు ఎనిమిది మంది పోర్ట్‌బ్లెయిర్ వెళ్లడానికి చెన్నై పక్కన తాంబరంలో వైమానిక దళ విమానం ఎక్కారు. అది ఏఎన్-32, సామాన్లనూ సైనికులనూ మోసే రెండింజన్ల విమానం. సిబ్బందితో కలిపి అందులో మొత్తం 29 మంది ఉన్నారు. ఉదయం ఎనిమిదిన్నరకు లేచింది, పదకొండుముప్పావుకు దిగాలి. తొమ్మిదీ పన్నెండుకు, 23 వేల అడుగుల ఎత్తు నుంచి ఎడమకు మళ్లి, గబగబా కిందికి జారుతూ రాడార్ తెర మీంచి మాయమైంది.

వారాల తరబడి వెతికారు. నౌకాదళం, తీరరక్షక దళం, విమానాలు, సముద్రగర్భాన్ని పరిశోధించే సాగర్ నిధి, సముద్ర రత్నాకర్ నౌకలు, అన్నీ దిగాయి. ఇది ఆ విమానానిదే అని చెప్పగల ఒక్క ముక్క దొరకలేదు. సెప్టెంబరు మధ్యలో గాలింపు ఆపి, అందరూ మరణించినట్టు భావిస్తున్నామని ఇళ్లకు కబురు పంపారు.

'భావిస్తున్నాం' అన్నారంతే. చూపించడానికి శవం లేదు, చేతిలో పెట్టడానికి గుప్పెడు బూడిదైనా లేదు. అలాంటి ఇంట్లో దినకర్మ ఏ తిథికి పెట్టుకోవాలో కూడా తగవే.

జవాబు 2024 జనవరిలో వచ్చింది, ఏడున్నరేళ్లకు. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ మనిషి లేకుండా దానంతటదే ఈదే యంత్రాన్ని లోతుల్లోకి పంపింది. చెన్నై తీరానికి దాదాపు 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల అడుగున, అది తీసిన బొమ్మల్లో విమాన శకలాలు కనిపించాయి. ఆ ప్రాంతంలో మరే విమానమూ పోయిన దాఖలా లేదు కాబట్టి అవి ఏఎన్-32వే అయి ఉంటాయన్నది అధికారుల మాట. తిరుమల కొండను నాలుగు సార్లు ఒకదాని మీద ఒకటి నిలబెడితే ఎంత ఎత్తో, అంత లోతు. వెలుతురు వెయ్యి మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. రేడియో తరంగాలు ఉప్పునీటిని దాటి రాలేవు. అక్కడ పనికొచ్చేది శబ్దం ఒక్కటే. సోనార్ చేసే పని అదే: శబ్దాన్ని వదిలి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో బొమ్మ గీయడం.

సముద్రంలో మాయమైన విమానాల మాటెత్తితే జనం ఎన్‌ఏడీని తలుచుకోరు, బెర్ముడా త్రికోణానికి పోతారు. 1945 డిసెంబరు 5న ఫ్లోరిడా నుంచి శిక్షణకు లేచిన అయిదు అమెరికా నౌకాదళ విమానాలు 14 మందితో తిరిగిరాలేదు. దిక్సూచులు పనిచేయడం లేదని దళ నాయకుడు చార్లెస్ టేలర్ రేడియోలో చెప్పాడు. ఉన్నది ఒకచోట, ఉన్నాననుకున్నది మరోచోట. చీకటి పడింది, ఇంధనం అడుగంటింది. వెతకబోయిన విమానమూ 13 మందితో పోయింది. ఆ సమయంలో ఆకాశంలో మంటలు చూశామని అటుగా వెళ్తున్న ఓడ చెప్పింది. ఆ రకం విమానాల్లో పెట్రోలు ఆవిరి పేరుకుని అంటుకునే ప్రమాదం ఉండేదని అందరికీ తెలిసిందే. ఇందులో దెయ్యం ఎక్కడుంది?

ఆ త్రికోణానికి 1964లో ఒక పత్రికా రచయిత పేరు పెట్టాడు, 1974లో చార్లెస్ బెర్లిట్జ్ పుస్తకం రాసి కాసులు రాల్చుకున్నాడు. మరుసటేడే లారీ కుషే అనే లైబ్రేరియన్ ఓపిగ్గా పాత పేపర్లు తిరగేస్తే, ప్రశాంత సముద్రం అన్నచోట తుపాను, త్రికోణంలో అన్నది ఇంకెక్కడో, కొన్ని ఓడలైతే అసలు మునిగిన ఆధారమే లేదు. కుషే పుస్తకం బెర్లిట్జ్‌దంత అమ్ముడుపోలేదు. ఇలాంటి దెయ్యం కథలు అమ్ముకోవడంలో మన వారపత్రికలూ తక్కువ తినలేదు.

అసలు కథ ఎంత మామూలుదో ఎయిర్‌ఫ్రాన్స్ 447 చెబుతుంది. 2009 జూన్ 1న రియో నుంచి పారిస్ వెళ్తూ 228 మందితో అట్లాంటిక్ మీద కనపడకుండా పోయింది. కొద్దిరోజుల్లో శకలాలు తేలాయి గానీ విమానం దొరకడానికి దాదాపు రెండేళ్లు పట్టింది. చివరిసారి ఉన్నట్టు తెలిసిన చోటికి అది ఎంత దూరంలో ఉంది? 12 కిలోమీటర్లు! అడుగున 3,900 మీటర్ల లోతు, కొండలూ లోయలూ. నల్లపెట్టెలు పైకి తెచ్చి వింటే తేలింది ఇదీ: వేగం కొలిచే గొట్టాల్లో మంచు అడ్డుపడింది, ఆటోపైలట్ చేతులెత్తేసింది, కంగారులో పైలట్ ముక్కును పైకే లాగుతూ పోయాడు. గాలి మీద పట్టు తప్పిన విమానం నాలుగున్నర నిమిషాల లోపే నీళ్లను తాకింది.

నల్లపెట్టె అంటాం గానీ దాని రంగు నారింజ. దానికి తగిలించిన చిన్న గొట్టం నీరు తగలగానే సెకనుకో టిక్కు చొప్పున కూస్తుంది. అప్పట్లో ఆ కూత ఆయుష్షు నెల రోజులు, వినపడేది కొద్ది కిలోమీటర్ల దూరం. 447 తర్వాతే దాన్ని 90 రోజులకు పెంచాలన్నారు. ఆ కూతకున్న విలువ బంగాళాఖాతంలోనే తెలిసింది. 2015 జూన్ 8న తమిళనాడు తీరంలో ముగ్గురితో పోయిన తీరరక్షక దళం డోర్నియర్ విషయంలో, సింధుధ్వజ్ జలాంతర్గామి ఆ టిక్కుల్ని పట్టింది. నెల తిరిగేసరికి విమానం దొరికింది.

మలేసియా విమానం ఎంహెచ్ 370కి ఆ అదృష్టమూ లేదు. 2014 మార్చి 8న కౌలాలంపూర్ నుంచి బీజింగ్ బయల్దేరింది, 239 మంది. వెనక్కి మళ్లి, సైనిక రాడార్లను దాటి, తర్వాత గంటల తరబడి ఎగిరిందని ఉపగ్రహానికీ దానికీ మధ్య గంటకోసారి నడిచిన పలకరింపు వల్లే తెలిసింది. చివరి పలకరింపు ఉదయం 8.19కి. ప్రయాణికుల ఫోన్లు మోగుతున్నాయని ఇళ్లవాళ్లు మొత్తుకున్నారు. అవతల ఫోన్ కోసం నెట్‌వర్క్ వెతుకుతున్నంతసేపూ మనకు రింగు వినిపించవచ్చని నిపుణులు చెబితే ఎవరు నమ్ముతారు? ఏడాదికి వెలువడిన నివేదికలో మరో సంగతి ఉంది. నల్లపెట్టెల్లో ఒకటైన డేటా రికార్డరుకు తగిలించిన ఆ కూత గొట్టంలో బ్యాటరీ గడువు 2012 డిసెంబరులోనే తీరిపోయింది. మార్చలేదు.

హిందూ మహాసముద్రంలో లక్షా ఇరవై వేల చదరపు కిలోమీటర్లు జల్లెడ పట్టారు. విమానం దొరకలేదు గానీ 19వ శతాబ్దంలో మునిగిన రెండు ఓడలు దొరికాయి! 2015 జులైలో రెక్క ముక్క ఒకటి ఎక్కడో ఆఫ్రికా వైపు, రీయూనియన్ దీవి ఒడ్డుకు కొట్టుకొచ్చింది.

ఇంత వెతుకులాట అందరికీ దక్కదు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను తుడిచిపెట్టిన తుపాను నాటికి భైరవపాలెం, బలుసుతిప్ప జాలర్లు వేటలో ఉన్నారు. తుపాను మాట నడిసముద్రానికి చేరవేసే సాధనం చాలా బోట్లలో లేని కాలం అది. వందల మంది తిరిగిరాలేదు. ఆ బోట్ల మీద పుస్తకాలు రాలేదు, సోనార్లు దిగలేదు. మాయమయ్యారని ఎవరూ అనలేదు కూడా, పోయారన్నారు.

ఇప్పుడు వేట బోట్లకు ఇస్రో రూపొందించిన ట్రాన్స్‌పాండర్లు బిగిస్తున్నారు. దేశమంతటా లక్ష బోట్లకు పెట్టాలన్న పథకం 2024లో మొదలైంది. సెల్ సిగ్నల్ అందని చోట కూడా ఒడ్డు నుంచి తుపాను హెచ్చరిక సరంగుకు చేరుతుంది. బోటు మునుగుతుంటే ఒక మీట నొక్కితే చాలు, ఎక్కడున్నదీ ఒడ్డుకు తెలుస్తుంది.