పాత కెంపుటుంగరం: తూకం ఒకటి, విలువ మరొకటి

కిషన్‌బాగ్ వంటి పాతబస్తీ పేటల నుంచి చార్మినార్ బజారుకు అమ్మకానికి వచ్చే పాత కెంపుటుంగరాన్ని కాటాలో వేసి బంగారం ధర కట్టడం ఇరుపక్షాలకూ నష్టమే. కుందనపు పనిలో రాయి వెనుక భాగం మూసి ఉంటుంది. గూటిలో లక్క నింపి, రాయి కింద తళుకు రేకు పరిచి, చుట్టూ మేలిమి బంగారాన్ని ఒత్తి బిగిస్తారు. కాబట్టి తూకంలో లక్క బరువూ కలుస్తుంది. రంగులో కొంత రాయిది, కొంత రేకుది. లేత కెంపు సైతం ఎర్రరేకు మీద నిప్పుకణికలా కనిపిస్తుంది.

విప్పి చూద్దామంటే పనితనం చెడుతుంది, దానికి దక్కే అదనపు ధరా పోతుంది. నీరు చేరితే రేకు నల్లబడుతుంది. మెరుగు పేరిట నీళ్లలో వేసేవారు గమనించాలి.

ఉంగరం పాతదైతే రాయి సహజమేనన్న నమ్మకమూ చెల్లదు. కొలిమిలో కెంపు తయారుచేసే పద్ధతిని ఫ్రాన్సులో వెర్నాయ్ 1902లోనే వెల్లడించాడు. తాతలనాటి ఉంగరంలోనూ ఆ సరుకు ఉండవచ్చు. భూతద్దంలో వంపు చారలు, గాలి బుడగలు కనిపిస్తే బేరం ఆపవలసిందే. సహజమైన కెంపులో చారలు తిన్నగా ఉంటాయి.

రాయికి, బంగారానికి, పనికి విడివిడిగా ధర చెప్పించుకుని, ‘విప్పకుండా పరీక్షించినది’ అని రసీదులో రాయించుకోవడం మేలు.