గడియారం కూడా ఆటలో భాగమే!

ప్రిలిమ్స్ రాసి బయటికొచ్చారు. గేటు దగ్గర ఫ్రెండ్స్ గుంపు. ‘ఎన్ని చేశావ్‌రా?’ అని ఒకడు అడుగుతాడు. ‘అన్నీ వచ్చినవే మామా... టైమే సరిపోలేదు’ అని ఇంకొకడు అంటాడు. ఈ మాట మీరూ ఎప్పుడో ఒకప్పుడు అనే ఉంటారు. అది అబద్ధమేం కాదు. కానీ అందులో ఓ చిన్న మోసం ఉంది. ‘నాకు సబ్జెక్ట్ వచ్చు, నన్ను ఓడించింది గడియారం’ అని మనకు మనమే సర్దిచెప్పుకుంటున్నాం.

ఈ సర్దుబాటు అస్సలు చెల్లని చోటు ఒకటుంది. అదే చదరంగం. అక్కడ బోర్డు పక్కనే గడియారం ఉంటుంది. రెండింటినీ కలిపితేనే ఆట. బోర్డు మీద ఎంత బాగా ఆడుతున్నా, మీ టైమ్ అయిపోతే మీరు ఓడిపోయినట్టే. ఆ ఓటమిని ఎలా తీసుకోవాలో, అలాంటి గెలుపును ఎలా మోయాలో పెద్ద పెద్ద ఆటగాళ్లే నేర్చుకుంటూ వచ్చారు. పోటీ పరీక్షల్లో ఉన్న మీకు అందులో పనికొచ్చేది చాలానే ఉంది.

ప్రపంచ ఛాంపియనే టైమ్ దాటేస్తే...

2024 నవంబర్, సింగపూర్. ప్రపంచ ఛాంపియన్‌షిప్ మ్యాచ్. ఒకవైపు ఛాంపియన్ డింగ్ లిరెన్. మరోవైపు చెన్నైలో తెలుగు కుటుంబంలో పుట్టిన 18 ఏళ్ల గుకేశ్. తొలి గేమ్ డింగ్ గెలిచాడు. రెండోది డ్రా. మూడో గేమ్‌లో గుకేశ్‌కు తెల్లపావులు.

రూల్ ఏంటంటే, మొదటి 40 ఎత్తులు వేయడానికి ఒక్కొక్కరికి 120 నిమిషాలు. అప్పటిదాకా ఒక్క సెకను కూడా అదనంగా కలవదు. అంటే సగటున ఎత్తుకు 3 నిమిషాలు. గుకేశ్ ఇంటి దగ్గర తయారు చేసుకొచ్చిన ఎత్తులను మొదట్లో చకచకా వేసేశాడు. డింగ్‌కు మాత్రం ప్రతిదీ బోర్డు ముందే ఆలోచించాల్సి వచ్చింది. ఆలోచించాడు, ఇంకా ఆలోచించాడు. చివరికి 40 ఎత్తులకు ఇంకా కొన్ని మిగిలి ఉండగానే టైమ్ అయిపోయింది. అప్పటికి బోర్డు మీద కూడా అతని పరిస్థితి బాగాలేదు. మ్యాచ్ 1.5-1.5తో సమమైంది.

డింగ్‌కు చదరంగం రాదని ఎవరైనా అనగలరా? లేదు కదా. వచ్చినా ఓడిపోయాడు. అంటే తెలియడం ఒకటి, ఇచ్చిన టైమ్‌లో చేసి చూపించడం ఇంకొకటి. పరీక్ష అడిగేది ఎప్పుడూ రెండోదాన్నే.

అసలీ గడియారం ఎందుకొచ్చింది?

ఒకప్పుడు చదరంగానికి టైమ్ లిమిట్ ఉండేది కాదు. ఓడిపోతున్నవాడు ఎత్తు వేయకుండా గంటలకొద్దీ కూర్చుని ఎదుటివాడిని విసిగించొచ్చు. 1851లో లండన్‌లో జరిగిన టోర్నమెంట్‌లో ఈ నత్తనడక మీద చాలా ఫిర్యాదులొచ్చాయి. తర్వాత ఇసుక గడియారాలు వాడారు. 1883 లండన్ టోర్నీతో రెండు ముఖాల మెకానికల్ గడియారాలు వచ్చాయి. అంటే గడియారం వచ్చింది ఆటగాళ్లను హింసించడానికి కాదు, ఒకరి టైమ్‌ను ఇంకొకరు తినేయకుండా ఆపడానికి. క్రీడాస్ఫూర్తికి అదొక కాపలా.

అయితే దాంతో కొత్త చిక్కొచ్చింది. గెలిచే స్థితిలో ఉన్నవాడు కూడా ఆఖరి సెకన్లలో చేతులు ఆడక ఓడిపోవడం మొదలైంది. దీనికి బాబీ ఫిషర్ ఓ ఉపాయం చెప్పాడు. ఎత్తు వేసిన ప్రతిసారీ గడియారానికి కొన్ని సెకన్లు కలపాలన్నాడు. 1989లో దానికి పేటెంట్ వచ్చింది. 1992లో స్పాస్కీతో ఆడిన మ్యాచ్‌లో ఆ గడియారాన్నే వాడారు. ఇవాళ చాలా టోర్నీల్లో ఈ పద్ధతే నడుస్తోంది.

అది లేకపోతే ఏమవుతుందో 2008లో అమెరికా మహిళల ఛాంపియన్‌షిప్ చూపించింది. టల్సాలో ఇరినా క్రష్, అన్నా జటోన్‌స్కీ మధ్య టైటిల్ తేల్చే చివరి గేమ్. సెకన్లు కలపని గడియారం. ఆఖర్లో ఇద్దరూ బోర్డును వదిలేసి గడియారంతోనే పోరాడారు. క్రష్ టైమ్ అయిపోయింది. అప్పటికి జటోన్‌స్కీ గడియారంలో మిగిలింది ఒక్క సెకను. టైటిల్‌ను ఇలా తేల్చడం న్యాయమేనా అని క్రష్ బహిరంగ లేఖ రాసింది. చదరంగ లోకంలో పెద్ద చర్చే జరిగింది. మనం గమనించాల్సింది ఒకటుంది. రూల్ బాగాలేదని తర్వాత ప్రశ్నించొచ్చు, మార్చమని అడగొచ్చు. కానీ ఆట మొదలయ్యాక ఇద్దరికీ అదే రూల్.

టైమ్ ఎక్కడ పోతోంది?

టైమ్ చివర్లో అయిపోతుంది. కానీ పోయేది మాత్రం మొదట్లోనే. ఉదాహరణకు 120 నిమిషాల్లో తొలి 15 ఎత్తులకే 90 నిమిషాలు వాడేశారనుకోండి. మిగిలిన 25 ఎత్తులకు 30 నిమిషాలే. అంటే ఎత్తుకు 72 సెకన్లు. చివర్లో జరిగిన తప్పుకు కారణం ఆ ఎత్తు కాదు, ఎప్పుడో 12వ ఎత్తు దగ్గర అరగంట కూర్చోవడం.

ఐబీపీఎస్ పీవో ప్రిలిమ్స్‌నే తీసుకోండి. మొత్తం 60 నిమిషాలు, ఒక్కో సెక్షన్‌కు విడిగా 20 నిమిషాలు. రీజనింగ్‌లో 35 ప్రశ్నలు. అంటే ప్రశ్నకు సుమారు 34 సెకన్లు. ఒక్క ప్రశ్న మీద 3 నిమిషాలు కూర్చున్నారంటే ఐదు ప్రశ్నల టైమ్ దానికే ధారపోసినట్టు. ఇక్కడ ఫిషర్ గడియారం లేదు. సెకన్లు ఎవరూ కలపరు. 20 నిమిషాలు కాగానే ఆ సెక్షన్ మూసుకుపోతుంది. మరి ఆటగాళ్లు ఏం చేస్తారు?

● తెలిసినదాన్ని తెలిసినట్టే వేసేస్తారు. గుకేశ్ మూడో గేమ్‌లో చేసింది ఇదే. ప్రాక్టీస్‌లో వందసార్లు చేసిన మోడల్‌ను పరీక్షలో మళ్లీ అనుమానించొద్దు. మిగిల్చిన టైమ్‌ను నిజంగా కష్టమైనచోట ఖర్చు చేయండి.

● మధ్యలో లెక్క చూసుకుంటారు. చాలామంది ఆటగాళ్లు ఎత్తులు రాసే కాగితం మీదే మిగిలిన టైమ్‌ను కూడా రాసుకుంటారు. మీరూ పదో నిమిషానికి ఎక్కడుండాలో ముందే అనుకోండి. వెనకబడ్డారని 10వ నిమిషంలో తెలిస్తే సర్దుకోవచ్చు. 19వ నిమిషంలో తెలిస్తే చేసేదేం లేదు.

● ‘బెస్ట్’ కోసం ‘బాగున్నదాన్ని’ వదులుకోరు. రెండు ఎత్తులూ బాగానే ఉన్నప్పుడు ఏది గొప్పదో తేల్చడానికి పావుగంట ఖర్చు చేయడం దండగ.

● ఎదుటివాడిని చూసి తొందరపడరు. ప్రత్యర్థికి టైమ్ లేదని తామూ గబగబా ఆడి, గెలవాల్సిన గేమ్‌ను పోగొట్టుకోవడం కొత్త ఆటగాళ్లు తరచూ చేసే తప్పు. హాల్లో పక్కవాడి మౌస్ టకటకమంటోందని మీరు గుడ్డిగా ఆప్షన్లు నొక్కితే పోయేది మీ మార్కులే. తప్పు జవాబుకు నాలుగో వంతు మార్కు కోత ఉండనే ఉంది.

టైమ్‌తో గెలిస్తే అది గెలుపు కాదా?

హాస్టల్ రూమ్‌లో బ్లిట్జ్ ఆడేటప్పుడు రోజూ జరిగే గొడవే ఇది. ‘నా దగ్గర మంత్రి ఉంది, నీ దగ్గర ఒక్క బంటే ఉంది, టైమ్‌తో గెలిచి గొప్పా?’ అని ఒకడు. ‘టైమ్ చూసుకోవాల్సింది నువ్వు’ అని ఇంకొకడు. ఫిడే రూల్ ప్రకారం రెండోవాడిదే కరెక్ట్. ఒక్క మినహాయింపు ఉంది. ఏ రకంగా ఆడినా మీ రాజుకు మేట్ కట్టే అవకాశం ఎదుటివాడికి లేకపోతే, ఉదాహరణకు అతని దగ్గర రాజు ఒక్కటే మిగిలితే, మీ టైమ్ అయిపోయినా అది డ్రా. మిగతా అన్ని సందర్భాల్లో టైమ్‌తో వచ్చిన గెలుపు కూడా అసలైన గెలుపే. దానికి సిగ్గుపడక్కర్లేదు.

సిగ్గుపడాల్సింది దొంగదారుల గురించి. రూల్స్ వాటినీ వదల్లేదు. పావును ఏ చేత్తో కదిపారో అదే చేత్తో గడియారం నొక్కాలి. తొందరలో పావులు పడిపోతే మీ టైమ్‌లోనే మీరు సరిచేయాలి. ఎత్తు వేయకుండా గడియారం నొక్కితే తప్పుడు ఎత్తు కిందే లెక్క. ఎదుటివాడు ఆలోచిస్తుంటే డ్రా, డ్రా అని పదేపదే అడిగి విసిగించకూడదు. టైమ్ తక్కువైనప్పుడే ఇవన్నీ చేయాలనిపిస్తుంది. మనిషి ఎలాంటివాడో బయటపడేది కూడా అప్పుడే.

కొందరు రూల్ కన్నా ఒక అడుగు ముందుకేస్తారు. 2020లో ఆన్‌లైన్ టోర్నీలో కార్ల్‌సన్‌తో ఆడుతుండగా డింగ్‌కు ఇంటర్నెట్ కనెక్షన్ పోయింది. టైమ్ అయిపోయి గేమ్ కోల్పోయాడు. కార్ల్‌సన్ తర్వాతి గేమ్ మొదట్లోనే కావాలని మంత్రిని వదిలేసి, ఓటమి ఒప్పుకున్నాడు. అలా చేయాలని ఏ రూలూ లేదు. కానీ అక్కడ డింగ్ టైమ్‌ను తిన్నది అతని ఆలోచన కాదు, నెట్. ఆ తేడాను కార్ల్‌సన్ గుర్తించాడు.

అదే కార్ల్‌సన్ 2025 జూన్‌లో నార్వే చెస్‌లో గుకేశ్‌తో ఆడుతూ, చాలాసేపు పైచేయి సాధించి, టైమ్ ఒత్తిడిలో ఘోరమైన తప్పు చేశాడు. కోపంతో బల్లను గుద్దాడు. పావులు ఎగిరాయి. కానీ వెంటనే చేయి కలిపాడు, సారీ చెప్పాడు, వెళ్తూ వెళ్తూ గుకేశ్ భుజం తట్టాడు. క్రీడాస్ఫూర్తి అంటే కోపం రాకపోవడం కాదు. వచ్చిన కోపాన్ని ఎదుటివాడి మీదికి పోనివ్వకపోవడం.

గడియారం ఎవరికీ చుట్టం కాదు

విజయవాడ క్రీడాకారిణి కోనేరు హంపి కథ చూడండి. 2024 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ రెండోసారి గెలిచింది. గేమ్‌కు 15 నిమిషాలు, ఎత్తుకు 10 సెకన్లు కలిసే ఆట అది. ఏడు నెలలు తిరిగేసరికి 2025 జులైలో బటూమిలో ప్రపంచకప్ ఫైనల్. దివ్య దేశ్‌ముఖ్‌తో రెండు క్లాసికల్ గేములూ డ్రా. ర్యాపిడ్ టైబ్రేక్ రెండో గేమ్‌లో టైమ్ ఒత్తిడిలో హంపి పొరపాట్లు చేసింది. కప్పు దివ్యకు వెళ్లింది. ఒకరోజు కిరీటం పెట్టిన గడియారమే మరోరోజు తీసేసింది.

సింగపూర్‌లోనూ అంతే. 6.5-6.5తో ఉన్న చివరి, 14వ గేమ్‌లో టైమ్ తగ్గిన దశలో డింగ్ ఏనుగును తప్పు గడిలో పెట్టాడు. గుకేశ్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఓడిన డింగ్ టైమ్‌ను నిందించలేదు, ఫలితం న్యాయంగానే ఉందన్నాడు. గెలిచిన గుకేశ్ ముందుగా పావులన్నీ బోర్డు మీద తిరిగి సర్దాడు. ఆ తర్వాత డింగ్ ఎంత గొప్పగా పోరాడాడో చెప్పాడు.

అందుకే రిజల్ట్ వచ్చినరోజు రెండు పనులు చేయండి. అర మార్కుతో పోయిందా? ‘టైమ్ చాల్లేదు’ దగ్గర ఆగిపోకండి. ఏ ప్రశ్న దగ్గర ఎన్ని నిమిషాలు పోయాయో మాక్ టెస్ట్ తీసి చూసుకోండి. అర మార్కుతో వచ్చిందా? పక్కన ఆగిపోయిన ఫ్రెండ్ మీకన్నా తక్కువవాడేం కాదని గుర్తుపెట్టుకోండి. మీ నోట్స్ ఇవ్వండి, వాడితో కూర్చుని టైమ్ పెట్టుకుని ఓ మాక్ రాయండి. వాడి గడియారం ఇంకా నడుస్తూనే ఉంది.