పారిస్ కోటుకు రెండో బిల్లు

కోటు ధర 185 పౌండ్లు, రవాణాకు 15. పారిస్ దుకాణానికి ఆన్‌లైన్‌లో 200 కట్టేసి లండన్‌లో ఎదురుచూస్తున్న మనిషికి కోటు కంటే ముందు ఇంకో బిల్లు రావచ్చు: మరో 68.80 పౌండ్లు కట్టండి!

ఎక్కడిదీ లెక్క? సరుకు విలువ 135 పౌండ్లు దాటితే బ్రిటన్‌లో కస్టమ్స్ సుంకం పడుతుంది. దుస్తులకు మామూలుగా 12 శాతం. రవాణా ఖర్చూ కలిపి 200 మీద 24 పౌండ్లు. ఆ మొత్తం 224 మీద 20 శాతం వ్యాట్, అంటే 44.80. పార్సిల్ సంస్థ వేసే రుసుము అదనం.

ఐరోపా సమాఖ్యతో బ్రిటన్‌కు సుంకం లేని ఒప్పందం 2021 నుంచి ఉంది కదా? ఉంది, కానీ అది అక్కడ తయారైన సరుకుకే. కోటు లోపలి పట్టీ మీద ‘మేడ్ ఇన్ చైనా’ అని ఉంటే, పారిస్ నుంచి వచ్చినా సుంకం తప్పదు.

విజయవాడ నుంచి అమ్మ పంపే చీరది వేరే లెక్క. కానుక విలువ 39 పౌండ్లు దాటకపోతే వ్యాట్ ఉండదు. తానే దుకాణం నుంచి తెప్పించుకుంటూ పెట్టె మీద ‘గిఫ్ట్’ అని రాయిస్తే మాత్రం చెల్లదు.

ఆర్డరు పెట్టేముందు ధరలో సుంకం, వ్యాట్ కలిసున్నాయో లేదో చూసుకోవాలి. నచ్చక తిప్పి పంపితే, కట్టిన సుంకం వెనక్కి ఇమ్మని పన్నుల శాఖకు దరఖాస్తు చేసుకోవచ్చు.