కొత్త టీవీ.. పాత వైరు

ఇంట్లో బీటెక్ చదివినవాళ్లు ఉంటే కొత్త టీవీ పెట్టే పని వాళ్లదే. మీరు చదివింది సివిలా, కెమికలా అని ఎవరూ అడగరు. 'ఇంజినీరింగ్ చేశావు, ఈ మాత్రం రాదా?' అనే మాట మాత్రం రెడీగా ఉంటుంది. ఉద్యోగం ఇంకా రాకపోతే ఆ మాట కాస్త గట్టిగానే తగులుతుంది. నాకూ తగిలింది.

ఫైనలియర్ అయిపోయి ఖాళీగా ఉన్న రోజుల్లో నాన్న 43 అంగుళాల 4కే టీవీ కొన్నారు. పాత డబ్బా టీవీకి ఉన్న సెట్‌టాప్ బాక్సునే, ఆ పసుపు, ఎరుపు, తెలుపు వైరుతో సహా తెచ్చి కొత్తదానికి తగిలించేశాను. బొమ్మ వచ్చింది. కానీ మొహాలన్నీ మసక. కింద వచ్చే స్క్రోలింగ్ చదవాలంటే కళ్లు చిట్లించాలి. 'ఇంత డబ్బు పోసి కొన్నది ఇదా?' అని నాన్న షాపువాళ్లకి ఫోన్ చేశారు. ప్యానెల్‌లోనే లోపమని పక్కనుంచి నేనూ వంత పాడాను. 'వైరు ఏది పెట్టారు సార్?' అని అవతలి కుర్రాడు అడుగుతూనే ఉన్నాడు, మేం వినలేదు.

మర్నాడు నా లాప్‌టాప్‌ని హెచ్‌డీఎంఐ కేబుల్‌తో అదే టీవీకి కలిపి చూశా. బొమ్మ అద్దంలా ఉంది. అంటే టీవీ బాగానే ఉంది, తేడా అంతా బాక్సు నుంచి టీవీ దాకా ఉన్న దారిలోనే. ఆ మూడు రంగుల వైరులో బొమ్మను మోసేది పసుపు రంగుది. అది ఎస్‌డీకి మించి మోయలేదు. మన దగ్గర ఎస్‌డీ అంటే 720×576, సుమారు 4.15 లక్షల చుక్కలు. 4కే తెర మీద 3840×2160, దాదాపు 83 లక్షలు. ఒక్కో చుక్కని 20 చుక్కలుగా సాగదీయాలన్నమాట. మసక రాక ఏమవుతుంది?

కాబట్టి ముందు బాక్సు వెనక హెచ్‌డీఎంఐ ఉందో లేదో చూడండి. లేకపోతే హెచ్‌డీ బాక్సు తీసుకోవాల్సిందే. ఉన్నా, కేబుల్ మార్చగానే పని అయిపోదు. బాక్సు సెట్టింగుల్లోకి వెళ్లి రిజల్యూషన్ 1080, స్క్రీన్ సైజు 16:9 పెట్టాలి. మనుషులు పొట్టిగా, లావుగా కనిపిస్తున్నారంటే 4:3 బొమ్మని తెర నిండా లాగుతోందని అర్థం. ఇక మీ ప్యాక్‌లో హెచ్‌డీ ఛానళ్లు లేకపోతే ఎంత మంచి కేబుల్ వేసినా వచ్చేది ఎస్‌డీనే.

సౌండ్‌బార్ ఉంటే టీవీ వెనక 'ఏఆర్‌సీ' అని రాసి ఉన్న పోర్టుకే పెట్టండి. మామూలుగా అలాంటిది ఒక్కటే ఉంటుంది. పక్కదానికి పెడితే టీవీలోని యాప్‌ల శబ్దం బార్‌కి చేరదు. అద్దె ఇంట్లో గోడకు బిగించాలంటే డ్రిల్లింగ్‌కి ముందు ఓనర్‌ని అడగడం మర్చిపోవద్దు.

ఇంటర్వ్యూలకు ప్రిపేర్ అవుతుంటే ఇదే టీవీ మీకు పెద్ద మానిటర్. లాప్‌టాప్‌లో విండోస్ కీతో పాటు 'పి' నొక్కి 'ఎక్స్‌టెండ్' ఎంచుకుంటే తెర మీద కోడ్, చేతిలో నోట్స్. అంచులు తెగిపోతే టీవీ పిక్చర్ మెనూలో 'స్క్రీన్ ఫిట్' లాంటి ఆప్షన్ వెతకండి. మౌస్ ఈడ్చుకుంటూ కదులుతుంటే మీ లాప్‌టాప్‌లో పాత హెచ్‌డీఎంఐ 1.4 ఉండొచ్చు. 4కేలో అది సెకనుకు 30 ఫ్రేములకే ఆగిపోతుంది. 60 కావాలంటే 2.0 ఉండాలి. రిజల్యూషన్ 1080కి తగ్గించండి, మౌస్ మామూలుగా కదులుతుంది.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఓ ఇంటర్వ్యూలో 'మీరు సొంతంగా పరిష్కరించిన సమస్య ఒకటి చెప్పండి' అన్నారు. ప్రాజెక్టు గురించి బట్టీ పట్టింది సగంలో ఆగిపోయింది. ఇక టీవీ సంగతే చెప్పాను: మిగతావేవీ ముట్టుకోకుండా బాక్సు స్థానంలో లాప్‌టాప్ పెట్టి చూడటం, తేడా ఎక్కడుందో పట్టుకోవడం. షాపువాళ్లతో గొడవా దాచలేదు. 'ఫోన్ చేయకముందే లాప్‌టాప్ ఎందుకు పెట్టి చూడలేదు?' అని వెంటనే అడిగారు. నా దగ్గర జవాబు లేదు. 'తోచలేదు సార్' అన్నాను. అక్కడినుంచి అరగంట మాటలన్నీ డీబగింగ్ మీదే నడిచాయి.

ఆ టీవీ అట్టపెట్టె ఇప్పటికీ మా అటక మీదే ఉంది. మూడు రంగుల వైరూ అందులోనే ఉంది. ఎప్పుడైనా అవసరం పడుతుంది, పారేయొద్దంటారు నాన్న.