పాత కారు ముందు చక్రాలు: రబ్బరు, ఉప్పుగాలి, ఆముదం

కారు సాఫీగా సాగినంత కాలం దాని చక్రం వెనుక ఏమున్నదో వంగి చూసే అలవాటు మనలో చాలామందికి లేదు. నాకూ లేదు. డేరాలో మా భవనంలోనే చాలాకాలం కాపురముండి, ఉద్యోగ విరమణ చేసి రాజమండ్రికి తిరిగివెళ్ళిన పెద్దాయన ఒకరు తన 1983 నాటి మెర్సిడెస్ 200 కారును నాకు అప్పగించి వెళ్ళారు. డబ్బు నామమాత్రమే. "తుక్కుకు మాత్రం ఇవ్వకండి మాస్టారూ" అన్నది ఒక్కటే షరతు. నా పేరిట మార్పించడానికి తనిఖీకి తీసుకువెడితే వారు చీటీ చేతికిచ్చారు: ముందు కుడివైపు కింది బాల్ జాయింట్ వదులు, రెండు వైపులా కింది ఆర్మ్ బుష్‌లకు పగుళ్ళు. ఒక గ్యారేజీలో అడిగితే చెప్పిన ఖర్చు కారు వెలకు మించింది. నేనే చేసుకుంటానని ఇంట్లో ప్రకటించాను.

"ఏమండీ, మీ ప్రయోగశాలలో తప్పు జరిగితే గాజుగిన్నె పగులుతుంది. ఇందులో రేపు పిల్లలు కూర్చుంటారు" అన్నది నా శ్రీమతి. ఆ మాటకు నా వద్ద సమాధానం లేదు. అందువల్ల పానా పట్టే ముందు పదిహేను రోజులు చదువుకే కేటాయించాను.

ఈ తరగతి మెర్సిడెస్ కార్లు 1976లో మొదలై 1980ల మధ్యకాలం వరకు దాదాపు 27 లక్షలు తయారయ్యాయి. ముందు చక్రాన్ని పైన ఒకటి, కింద ఒకటి, రెండు లోహపు ఆర్మ్‌లు పట్టుకొని ఉంటాయి. చుట్టల స్ప్రింగు కింది ఆర్మ్ మీద కూర్చుంటుంది. అంటే కారు బరువు స్ప్రింగు ద్వారా కింది ఆర్మ్‌కు, అక్కడినుంచి కింది బాల్ జాయింట్ ద్వారా చక్రానికి చేరుతుంది. పిడికిలిలో నిమ్మకాయంత ఉండే ఆ కీలు విడిపోతే చక్రం పక్కకు మడుచుకుపోతుంది. పై కీలుకన్న కింది కీలు ముఖ్యమని చెప్పడం ఇందుకే. మన అంబాసిడర్ పద్ధతి వేరు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాపై ఉత్తర్‌పారాలో 2014 వరకు తయారైన ఆ కారు ముందుభాగంలో చుట్టల స్ప్రింగుకు బదులు మెలితిరిగే ఉక్కు కడ్డీ ఉంటుంది. పని మాత్రం అదే.

ఇక రబ్బరు సంగతి. ఇది నా వృత్తికి దగ్గరి విషయం గనుక కొంచెం విస్తరించి చెప్పడానికి పాఠకులు అనుమతించాలి. సహజ రబ్బరు పొడవైన అణుశృంఖలాల చిక్కు. వేడికి జిగటగా మారే ఆ పదార్థాన్ని గంధకంతో కాల్చి, శృంఖలాల మధ్య గంధకపు వంతెనలు కట్టించి, నిలకడ కలిగించే పద్ధతికి చార్లెస్ గుడియర్ 1844లో అమెరికాలో పేటెంటు పొందాడు. అయినా ఆ శృంఖలాలలో ద్విబంధాలు మిగిలే ఉంటాయి. గాలిలో లేశమాత్రంగా ఉండే ఓజోను వాటిని తెంచుతుంది. అదీ రబ్బరు సాగి ఉన్నచోటనే, సాగిన దిశకు అడ్డంగా. పాత బుష్‌పై పగుళ్ళు ఒకే వరుసలో కనిపించడానికి కారణం ఇదే. ఆమ్లజని మరింత నెమ్మదిగా పనిచేస్తుంది: కొన్ని శృంఖలాలను తెంచుతుంది, కొన్నిటి మధ్య అక్కరలేని కొత్త ముడులు వేస్తుంది. చివరికి రబ్బరు తన సాగుడు గుణాన్ని కోల్పోతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఇటువంటి చర్యల వేగం సుమారు రెట్టింపవుతుందని రసాయన విద్యార్థులందరూ వల్లించే సూత్రం. ఆ లెక్కన జర్మనీకన్న 20 డిగ్రీలు వేడిగా ఉన్నచోట అదే బుష్ నాలుగు రెట్ల వేగంగా ముసలిదవుతుంది. కారు తక్కువ తిరిగింది కదా అనుకోవడం ఇక్కడ చెల్లదు. రబ్బరుకు కిలోమీటర్ల లెక్క తెలియదు.

ఈ జ్ఞానం నైఫ్ పరిసరాల్లోని విడిభాగాల దుకాణాలలో పనికివచ్చింది. మొదటి దుకాణంలో చూపించిన బుష్ పెట్టె రంగు వెలిసి ఉన్నది. బుష్‌ను బొటనవేలితో నొక్కి, కొద్దిగా వంచి వెలుతురులో చూస్తే అంచున సన్నని గీతలు. కారుకు ఎన్నడూ బిగించకపోయినా అది అరలోనే వయసు మీరింది. దుకాణదారు నొచ్చుకున్నాడు గాని నేను కొనలేదు. మూడవ దుకాణంలో దొరికినవి నిగనిగలాడుతూ బిరుసు లేకుండా ఉన్నవి. ఎడమవైపు కీలు తనిఖీలో నెగ్గినా రెండు వైపులకూ కొన్నాను. వాటి వయసు ఒకటే కదా.

అల్ ఖుసైస్ పారిశ్రామిక ప్రాంతంలో జగిత్యాల నుంచి వచ్చిన మెకానిక్ ఒకతను తన షెడ్డులో ఒక మూల నాకు ఇచ్చాడు. నాలుగు శనివారాలు అక్కడే. జాకీపై లేపిన కారు కిందికి స్టాండులు లేకుండా చేయి కూడా పెట్టవద్దన్నది అతని మొదటి పాఠం. వదులును పరీక్షించే ముందు జాకీని కింది ఆర్మ్ కిందనే పెట్టాలన్నది రెండవది. అప్పుడే కింది కీలుపై భారం తొలగి, గునపంతో చక్రాన్ని ఎత్తితే ఆట బయటపడుతుంది. బయటపడింది కూడా. "టక్" మన్న ఆ చప్పుడు నా శ్రీమతి భయానికి సాక్ష్యం.

స్ప్రింగు విప్పడమే ఈ పని మొత్తంలో ప్రమాదకరమైనది. ఉదాహరణకు 6000 న్యూటన్ల బలంతో 10 సెంటీమీటర్లు అణిగి ఉన్న స్ప్రింగులో దాగిన శక్తి 300 జౌళ్ళు. పది కిలోల బియ్యం మూట మూడు మీటర్ల ఎత్తునుంచి పడినంత శక్తి, అదీ రెప్పపాటులో, ఎటు వస్తుందో తెలియకుండా. ఈ కారులో స్ప్రింగు గూటిలో ఇమిడి ఉంటుంది గనుక బజారులో దొరికే బయటి కొక్కేల పరికరం సరిపడదు. లోపలికి దూర్చి బిగించే ప్రత్యేక పరికరం కావాలి. అద్దెకు తెచ్చాను. షాక్ అబ్జార్బర్ విప్పే ముందు కింది ఆర్మ్‌కు జాకీ ఆసరా ఉందో లేదో మూడుసార్లు చూశాను. అయినా ఆ స్ప్రింగు బయటికి వచ్చి నేలమీద నిశ్చలంగా నిలబడేవరకు నేను ఊపిరి పీల్చినట్లు గుర్తులేదు.

బోల్టులు మరొక కథ. క్రీక్ గాలిలోని ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది, క్లోరైడు ఇనుమును తినడానికి తోడ్పడుతుంది. తుప్పు తాను పుట్టిన ఇనుముకన్న ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక బోల్టు తనంతట తానే బిగుసుకుపోతుంది. ఒక్క బోల్టుకు ఒకటిన్నర శనివారం పట్టింది.

విప్పిన బాల్ జాయింట్‌ను ఇంటికి తెచ్చి కోసి చూశాను. దానికి గ్రీజు ఎక్కించే రంధ్రం ఉండదు. కర్మాగారంలో నింపిన గ్రీజే ఆజన్మాంతం. దాన్ని కాపాడేది పైనున్న రబ్బరు తొడుగు. ఆ తొడుగు చిరిగి ఇసుక లోపలికి చేరింది. నల్లని గ్రీజు సానపట్టే ముద్దగా మారి ఉక్కు గుండును అరగదీసింది. పది ఫిల్సుల విలువైన రబ్బరు చిరగడం వల్ల కీలంతా పోయింది.

గ్రీజు అన్నాను గనుక ఒక ముచ్చట. మన పల్లెల్లో ఎడ్లబండి ఇరుసుకు వేసే కందెన గుర్తున్నదా? వరిగడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి చేసేవారు. బండికి కందెన గొట్టం వేలాడుతూ ఉండేది. 1942లో క్లారెన్స్ ఎర్ల్ అనే అమెరికన్ లిథియం గ్రీజుకు పేటెంటు పొందాడు. నేడు లిథియం గ్రీజులలో విరివిగా వాడే కొవ్వు ఆమ్లం ఆముదానికి ఉదజనిని చేర్చి తయారుచేసినదే. ఆముదపు ఆమ్లంలో పన్నెండవ కర్బనం వద్ద ఉండే హైడ్రాక్సిల్ సమూహం సబ్బు పోగులను ఒకదానితో ఒకటి పెనవేసి, నూనెను స్పంజిలా పట్టి ఉంచుతుంది. పాలమూరు, నల్లగొండ మెట్ట చేలలో పండే గింజకూ జర్మనీ కారు కీలుకూ ఇంత దగ్గరి చుట్టరికం.

రసాయనం తెలిసినందుకు ఒక తప్పు తప్పించుకున్నాను: కొత్త బుష్ సులువుగా దూరడానికి గ్రీజు పూయలేదు. పెట్రోలియం నూనెకు సహజ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. సబ్బునీళ్ళు వాడాను. యంత్రం తెలియనందుకు మరొక తప్పు చేశాను. అన్నీ అమర్చి, చక్రాలు ఇంకా గాలిలో వేలాడుతుండగానే ఆర్మ్ బోల్టులన్నీ బలంకొద్దీ బిగించి, గర్వంగా కారును నేలకు దించాను. ముందుభాగం ఒంటెలా ఎత్తుగా నిలిచింది.

మెకానిక్ వచ్చి చూసి నవ్వలేదు. "సార్, బోల్టులు మళ్ల వదులు జెయ్యిండ్రి. బండి కిందికి దిగి దాని బరువు మీద నిలవడ్డంకనే బిగియాలె. గాలిల బిగిస్తె రబ్బరు మెలివడ్తది, ఆర్నెల్లకే శిరుగుతది" అన్నాడు.

ఎంత స్పష్టమైన మాట! ఈ బుష్‌లో రబ్బరు లోపలి, వెలుపలి లోహపు గొట్టాలకు అతుక్కుని ఉంటుంది. అందులో ఏదీ జారదు. ఆర్మ్ కదలిక మొత్తం రబ్బరు మెలికే. బోల్టు బిగిసిన స్థానమే దానికి విశ్రాంతి స్థానం. వేలాడుతున్నప్పుడు బిగిస్తే, కారు నిలబడి ఉన్నా ఆ రబ్బరుకు విశ్రాంతి లేదు. పట్టభద్రుడిగా, డాక్టరేటుగా నేను ఓజోను గురించి ఆలోచించానే తప్ప ఇది ఆలోచించలేదు. బోల్టులు వదులు చేసి, కారును నాలుగుసార్లు అదిమి ఊపి, అదే బరువుమీద తిరిగి బిగించాము.

ఆర్మ్‌లు విప్పిన తరువాత చక్రాల కోణాలు మారక తప్పదు. బోల్టులు పూర్తిగా బిగిసినా, కోణాలు యంత్రంపై కొలిపించనిదే కారును పెద్ద రోడ్డు ఎక్కించకూడదు. కొలిపించాను. కుడి చక్రం కొంచెం బయటికి వాలి ఉన్నదని తేలింది, సరిచేశారు. మరుసటి వారం తనిఖీలో నెగ్గింది. ఆ సాయంత్రం కార్నిష్ దాకా నేను ఒక్కడినే నడిపాను. రెండవ రోజు శ్రీమతి కూర్చున్నది. పిల్లలను ఎక్కించింది మాత్రం వెయ్యి కిలోమీటర్ల తరువాత, ప్రతి నట్టునూ మెకానిక్ స్వయంగా మరల చూసి తలూపిన పిమ్మటనే. రాజమండ్రికి ఫోను చేస్తే పెద్దాయన అడిగిన మొదటి ప్రశ్న, వెనుక బుష్‌లు చూశారా అని. ఇంకా చూడలేదు.